‘మానవతా’ అనే ముందు ఒక్క నిమిషం: తెలుగు పత్రికల, చానళ్ల సంపాదకులకు బహిరంగ లేఖ

సంపాదకులకు, న్యూస్ ఎడిటర్లకు, అర్ధరాత్రి షిఫ్టులో అంతర్జాతీయ పేజీ చూసే డెస్కు మిత్రులకు నమస్కారం.

నేను డెస్కులో పనిచేసి రిటైరైన సబ్ ఎడిటర్‌ని. ఇంగ్లిష్ ఏజెన్సీ కాపీని తెలుగులోకి దించడమే జీవితమంతా చేసిన పని. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి ఈ ఉత్తరం. అదే తప్పు ఇప్పుడు మీ స్క్రోలింగుల్లో రోజూ కనిపిస్తోంది కాబట్టి మీకు రాయాల్సి వస్తోంది.

1999 మార్చి 24 రాత్రి. జిల్లా ఎడిషన్లు అప్పటికే వెళ్లిపోయాయి. సిటీ ఎడిషన్ మొదటి పేజీ ఒక్కటే మా చేతిలో ఉంది. పన్నెండున్నర దాటాక అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో విమానాలు యుగోస్లావియా మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయని ఫ్లాష్ వచ్చింది. వెనకే వచ్చిన కాపీలో ‘హ్యుమానిటేరియన్ ఇంటర్‌వెన్షన్’ అన్న మాట రెండుమూడు చోట్ల ఉంది. నేను ‘మానవతా దృక్పథంతో సైనిక జోక్యం’ అని రాశాను. అంత పొడుగు హెడ్డింగులో పట్టదన్నాడు షిఫ్ట్ ఇన్‌ఛార్జి. ‘దృక్పథంతో’ తీసేశాం. ‘సైనిక’ కూడా తీసేశాం. ‘మానవతా జోక్యం’ మిగిలింది. పేజీ వదిలేసి కిందికెళ్లి టీ తాగాం.

తీసేసిన ఆ రెండు మాటల్లోనే అసలు సంగతి ఉందని నాకు మూడు వారాలకు గానీ తెలియలేదు. ఏప్రిల్ 14న, అప్పట్లో యుగోస్లావియాలో భాగమైన కొసొవోలోని జాకొవా దగ్గర రోడ్డు మీద శరణార్థులు పోతున్నారు. ట్రాక్టర్లు, వాటి వెనక ట్రక్కులు, వాటి మీద పరుపులు, ముసలివాళ్లు, పిల్లలు. మన దగ్గర పెళ్లికో జాతరకో పోయే ట్రాక్టర్ల వరస ఎలా ఉంటుందో అలాగే. నాటో పైలట్లు ఎక్కువగా పదిహేను వేల అడుగుల పైనే ఎగురుతున్నారు, కిందికి దిగితే విమాన విధ్వంసక తుపాకులకు దొరుకుతామని. అంత ఎత్తు నుంచి ఆ ట్రాక్టర్లు సైనిక వాహనాల్లా కనిపించాయి. 70 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లు సెర్బియా దళాలు తరుముతున్న కొసొవో అల్బేనియన్లు. అంటే ఎవరిని కాపాడటానికని యుద్ధం మొదలుపెట్టారో సరిగ్గా వాళ్లే. నాటో పొరపాటు జరిగిందని ఒప్పుకుంది. ఆ కాపీ కూడా నేనే అనువదించాను. లోపలి పేజీలో రెండు కాలాలు.

ఆ రోజు నుంచి ఆ మాట నన్ను గుచ్చుతూనే ఉంది. తెలుగులో ‘జోక్యం’ ఎప్పుడూ మంచి మాట కాదు. ‘మా ఇంటి విషయంలో జోక్యం చేసుకోవద్దు’ అంటామే తప్ప, ‘మీరొచ్చి జోక్యం చేసుకున్నారు, పుణ్యం కట్టుకున్నారు’ అని ఎవరైనా అనగా విన్నామా? దాని పక్కన ‘మానవతా’ తగిలిస్తే చేదు మాత్రకు పంచదార పూసినట్టయింది. పూసింది ఏ పెంటగాన్ వాళ్లో కాదు, మేమే. ఇంగ్లిష్‌లో వాళ్లు చెప్పుకున్న మాటని మనం తెలుగులో తీర్పుగా మార్చి పాఠకుడికి అందించాం.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఒక సైన్యం ఇంకో చోటికి పోయి చేసిన పని మానవతా పనా కాదా అన్నది మొదటి రోజు రాత్రి పన్నెండున్నరకు తేలేది కాదు. వెళ్లినవాళ్లు చెప్పుకున్న దాన్ని బట్టి అసలే తేలదు. కింద ఉన్నవాళ్లకు ఏమైంది, వెళ్లినవాళ్లు ఎప్పుడు తిరిగొచ్చారు, వాళ్లొచ్చేశాక అక్కడ ఎవరు మిగిలారు అన్నది చూడాలి. దానికి నెలలు పడుతుంది, కొన్నిసార్లు అరవై ఏళ్లు పడుతుంది.

అరవై ఏళ్లని ఊరికే అనలేదు. మాది అప్పటి నల్లగొండ జిల్లాలో కృష్ణా జిల్లా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న ఊరు. 1948 ఎండాకాలంలో రజాకార్ల భయానికి మా నాయనమ్మ, తాత, చంటివాడిగా ఉన్న మా పెదనాన్న రాత్రికి రాత్రి బండి కట్టుకుని జగ్గయ్యపేట వైపు పోయారు. అక్కడి శిబిరంలో నాలుగు నెలలున్నారు. సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యాలు నైజాం రాజ్యంలోకి వచ్చాయి, దాన్నే పోలీస్ యాక్షన్ అన్నారు. ఐదు రోజుల్లో అయిపోయింది. 17న నిజాం లొంగిపోయాడు. మావాళ్లు దసరాకి ఇంటికొచ్చారు. ఇంట్లో గింజలు పోయాయి, తలుపులు పోయాయి, మనుషులం మాత్రం మిగిలామని నాయనమ్మ చెప్పేది. ఆమెను అడిగితే మిలిట్రీ దేవుడిలాగ వచ్చింది, ఇంకో మాట లేదు.

కానీ మా ఇంటి వెనక ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆయన రజాకారు కాదు, బండి చక్రాలకు పట్టాలు వేసే మనిషి. మావాళ్లు తిరిగొచ్చేసరికి ఆ ఇల్లు తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. ఎక్కడికి పోయారని చిన్నప్పుడు నేను అడిగితే నాయనమ్మ ఒకటే చెప్పేది. “మిలిట్రీ వచ్చినంక మేం ఇంటికొచ్చినం బిడ్డా. వాళ్లు ఇల్లిడిసి పోయిండ్రు.” అంతకు మించి చెప్పేది కాదు. ఎక్కువ అడిగితే పొయ్యి దగ్గరికి లేచి పోయేది.

ఆ ఏడాది చివర్లో నెహ్రూ ప్రభుత్వమే పండిత్ సుందర్‌లాల్‌తో ఒక కమిటీ వేసి పంపింది. వాళ్లు జిల్లాలు తిరిగి, పోలీస్ యాక్షన్ జరుగుతున్నప్పుడూ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని తమ అంచనా రాసిచ్చారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువ. దెబ్బతిన్న జిల్లాల్లో మా నల్లగొండ, మెదక్ పేర్లు కూడా ఉన్నాయి. ఆ రిపోర్టును ప్రభుత్వం ప్రచురించలేదు. జనం చదవడానికి దొరికింది 2013లో. మరో పక్క అదే సైన్యం పల్లెల్లో కమ్యూనిస్టుల సంఘాల మీదికి తిరిగి, 1951లో సాయుధ పోరాటం విరమించేదాకా అడవులు గాలించింది.

హైదరాబాద్ అప్పుడు దేశమా కాదా అన్న చట్టం గొడవలోకి నేను పోను. రజాకార్ల చేతిలో బైరాన్‌పల్లి ఊచకోత జరిగింది నిజం. సైన్యం రాకపోతే మా నాయనమ్మ తిరిగొచ్చేది కాదన్నదీ నిజమే కావచ్చు. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా ప్రతి సెప్టెంబర్ 17కి మన రాష్ట్రంలో జరిగే తమాషా మీరే రాస్తున్నారు కదా. ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు విద్రోహం అంటారు. ఒక ప్రభుత్వం సమైక్యతా దినం అంది, తర్వాతి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. మన ఊళ్లో, మన పెద్దల కళ్ల ముందు జరిగిన దానికి మనకే ఇంకా ఒక పేరు కుదరలేదు. ఎక్కడో లిబియాలో జరిగిన దానికి మాత్రం మొదటి గంటలోనే పేరు పెట్టేశాం.

తమ పేరు తామే పెట్టుకున్న వాళ్ల సంగతి కూడా ఒకసారి చూద్దాం. డెస్కులో కూర్చుని పాత ఫైళ్లు తిరగేస్తే నాకు అర్థమైంది ఏమిటంటే, నిజంగా లక్షల మంది ప్రాణాలు నిలబెట్టిన యుద్ధాలు ‘మానవతా’ పేరుతో జరగలేదు.

1971 తీసుకోండి. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మొదలుపెట్టిన చంపుడుతో, ఏడాది చివరికి కోటి మంది సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఉత్తరాల మీద మామూలు స్టాంపు పక్కన శరణార్థుల సహాయం కోసమని ఇంకో 5 పైసల స్టాంపు అంటించేవాళ్లం. మా స్కూల్లో అందరికీ ఆ స్టాంపే గుర్తు. యుద్ధం వచ్చాక మన ప్రతినిధి భద్రతా మండలిలో మొదట తూర్పు బెంగాల్ ప్రజలను కాపాడటం గురించి కూడా మాట్లాడాడు. కానీ మన దేశం అధికారికంగా గట్టిగా పట్టుకున్నది ఆత్మరక్షణ వాదాన్నే. డిసెంబర్ 3న పాకిస్తాన్ మన విమానాశ్రయాల మీద దాడి చేసింది కదా, దాన్నే. ప్రపంచం మెచ్చుకుందా? జనరల్ అసెంబ్లీలో 104 దేశాలు కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి తీసుకోవాలని ఓటేశాయి. మన పక్కన నిలబడ్డవి 10 దేశాలు, మనతో కలిపి 11.

మన ఉద్దేశం స్వచ్ఛమైనదా అంటే, పాకిస్తాన్ రెండు ముక్కలైతే మనకు లాభమని అప్పుడు ఢిల్లీలో తెలియని వాళ్లెవరు? అయినా నేను ఆ యుద్ధానికే ఎక్కువ మార్కులు వేస్తాను. ఎందుకంటే చంపుడు అప్పటికి తొమ్మిది నెలలుగా నడుస్తోంది. యుద్ధానికి ముందే మన తలుపు తెరిచి ఉంది, కోటి మందికి తిండి పెట్టాం. పదమూడు రోజుల్లో ముగిసింది. 1972 మార్చి 12కల్లా మన సైన్యం ఢాకాలో వీడ్కోలు పరేడ్ చేసి వెనక్కి వచ్చేసింది. శరణార్థుల్లో ఎక్కువమంది ఇళ్లకు పోయారు. ఇందులోనూ ఒక వెనకింటి కథ ఉంది. పాకిస్తాన్ వైపున్నారన్న కోపంతో ఉర్దూ మాట్లాడే బిహారీ ముస్లింల మీద పడ్డారు. వాళ్ల పిల్లలు, మనవలు ఈనాటికీ ఢాకా మహ్మద్‌పూర్‌లో జెనీవా క్యాంపు అనే ఇరుకు సందుల్లో బతుకుతున్నారు. మన విజయ్ దివస్ ప్రత్యేక పేజీల్లో ఆ క్యాంపు ఫోటో నేను ఎప్పుడూ చూడలేదు. నేను ఉన్నప్పుడు నేనూ వేయలేదు.

కంబోడియాలో నియంత పోల్‌పాట్‌ని 1979 జనవరిలో గద్దె దింపింది వియత్నాం. పదిహేను లక్షలకు తక్కువ కాకుండా మనుషులు చచ్చిన దేశం అది. వియత్నాం ఎక్కడా మానవత్వం మాట ఎత్తలేదు, సరిహద్దు దాడులకు ఆత్మరక్షణ అనే చెప్పింది. దానికి దొరికిన బహుమతి ఆంక్షలు, చైనా దాడి. ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీ ఆ తర్వాత కూడా ఏళ్లకొద్దీ పోల్‌పాట్ మనుషుల దగ్గరే ఉంది. అయితే వియత్నాం సైన్యం పదేళ్ల దాకా కదల్లేదు, దాని మార్కులు అక్కడ పోతాయి. అదే ఏడాది ఉగాండాలో నియంత ఈదీ అమీన్‌ను తరిమిన టాంజానియా కథ కూడా ఇంచుమించు ఇంతే.

ఇక నోరారా ‘మానవతా’ అన్నవి చూడండి. అందులో మొదటిది మనదే.

1987 జూన్‌లో శ్రీలంకలోని జాఫ్నాలో తమిళులు ముట్టడిలో ఉన్నారు. రామేశ్వరం నుంచి చేపల పడవల్లో బియ్యం, పప్పులు పంపితే శ్రీలంక నౌకాదళం వెనక్కి తిప్పేసింది. మరుసటి రోజు, జూన్ 4న, బెంగళూరు నుంచి ఐదు ఏఎన్-32 విమానాలు బయల్దేరాయి. వెంట కాపలాగా మిరాజ్ యుద్ధ విమానాలు. జాఫ్నా మీద పారాచూట్లతో సుమారు 25 టన్నుల సరుకు దించాయి. ఆపరేషన్ పేరు ‘పూమాలై’, అంటే పూలమాల. విలేకరులను కూడా విమానాల్లో ఎక్కించుకు పోయారు. ఒక పట్టణానికి 25 టన్నులు ఎన్ని పూటలకు వస్తాయో ఏ హాస్టల్ వార్డెన్‌ని అడిగినా చెబుతాడు. అది తిండి కాదు, కొలంబోకి పంపిన కబురు. కబురు అందింది. జులైలో ఒప్పందం, వెంటనే మన శాంతి పరిరక్షక దళం. అక్టోబర్‌కల్లా శాంతి పోయి తమిళ టైగర్లతో యుద్ధం మిగిలింది. దీపావళి రోజు జాఫ్నా ఆసుపత్రిలోకి వెళ్లిన మన సైనికుల కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి 60 మందికి పైగా చనిపోయారు. మనవాళ్లు వెయ్యికి పైగా ప్రాణాలు పోగొట్టుకుని 1990 మార్చిలో తిరిగొస్తే, మద్రాసు రేవులో స్వాగతం చెప్పడానికి తమిళనాడు ముఖ్యమంత్రే రాలేదు.

2011లో లిబియా. మార్చి 17న భద్రతా మండలి 1973 నంబరు తీర్మానం చేసింది. బెంగాజీతో సహా లిబియా పౌరులను కాపాడటానికి అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చంది. పది ఓట్లు అనుకూలం. మన దేశంతో పాటు బ్రెజిల్, చైనా, జర్మనీ, రష్యా ఓటు వేయలేదు. బెంగాజీ వైపు వస్తున్న లిబియా పాలకుడు గడాఫీ ట్యాంకులను ఆపడంతో సరిపోలేదు. అక్టోబర్‌లో గడాఫీని చంపేదాకా బాంబులు పడుతూనే ఉన్నాయి. పౌరుల రక్షణ కాస్తా ప్రభుత్వాన్ని కూల్చే పనిగా మారిపోయిందని 2016లో బ్రిటన్ పార్లమెంటు కమిటీయే రాసుకుంది.

నాకు మాత్రం లిబియా అంటే ఒక పడవ గుర్తొస్తుంది. ఆ మార్చి చివర్లోనే ట్రిపోలి నుంచి 72 మంది ఆఫ్రికా వలస మనుషులు రబ్బరు పడవలో ఇటలీకి బయల్దేరారు. ఇంధనం అయిపోయింది. శాటిలైట్ ఫోన్‌లో సాయం అడిగారు. రోమ్‌లోని కోస్ట్‌గార్డ్ ఆ చుట్టుపక్కల ఓడలన్నిటికీ కబురు పంపింది. ఒక సైనిక హెలికాప్టర్ వచ్చి నీళ్ల సీసాలు, బిస్కెట్లు దించి పోయింది, మళ్లీ రాలేదు. ఒక యుద్ధనౌక దగ్గరదాకా వచ్చి వెళ్లిపోయిందని బతికినవాళ్లు చెప్పారు. ఆ రోజుల్లో ఆ సముద్రం మీద ప్రతి అంగుళాన్నీ నాటో చూస్తోంది. రెండు వారాల తర్వాత ఆ పడవ తిరిగి లిబియా ఒడ్డుకే కొట్టుకొచ్చింది. చివరికి మిగిలింది తొమ్మిది మంది. మనుషులను కాపాడటానికి బాంబర్లు పంపగలిగిన వాళ్లు ఒక పడవ పంపలేకపోయారు. మానవతా యుద్ధాన్ని తూచడానికి నాకు ఇంతకంటే మంచి కాటా దొరకలేదు. ఆ మనుషులే వచ్చి మీ గుమ్మంలో నిలబడితే తలుపు తీస్తారా? 1971లో మనం తీశాం.

గడాఫీ పోయిన తర్వాతి లిబియా మన ఇళ్లలోకి కూడా వచ్చింది. 2015 జులైలో సిర్తే యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటున్న మన తెలుగు లెక్చరర్లు ఇద్దరిని మిలిటెంట్లు ఎత్తుకుపోయారు. ఒకరిది ఆంధ్ర, ఒకరిది తెలంగాణ. ఏడాది దాటాక 2016 సెప్టెంబర్‌లో గానీ బయటపడలేదు. అన్ని నెలలూ ఆ కుటుంబాల ఇంటర్వ్యూలు వేశాం. వాళ్లను పట్టుకున్నవాళ్లు ఆ ఊరిని గుప్పిట్లో పెట్టుకునేంత ఖాళీ ఎలా ఏర్పడిందో మాత్రం ఎవరమూ రాయలేదు.

ఇదంతా చదివి, ఎవరి చావు వాళ్లు చావాలి, ఎవరూ ఎక్కడికీ పోకూడదు అంటున్నానని అనుకోకండి. 1994లో రువాండాలో అదే జరిగింది. వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షల మందిని చంపారు. చంపుడు జోరుగా ఉన్నప్పుడే భద్రతా మండలి అక్కడున్న శాంతి దళాన్ని 270 మందికి తగ్గించేసింది. అప్పుడు అమెరికా విదేశాంగ శాఖ ‘జాతి నిర్మూలన’ అన్న మాట నోట రాకుండా ఎన్ని అవస్థలు పడిందో! ఆ మాట అంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని భయం. అక్కడ మాట దాచారు, కొసొవోలో మాట పంచిపెట్టారు. రెండు చోట్లా మేం డెస్కులో కూర్చుని వాళ్లు ఇచ్చింది రాశాం, ఇవ్వంది వదిలేశాం.

కొసొవో విషయంలో కూడా ట్రాక్టర్ల కథ ఒక్కటే చెప్పి ఊరుకుంటే అన్యాయం. కొసొవో రాజధాని ప్రిస్టినాలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ పేరుతో రోడ్డుంది, విగ్రహం ఉంది. అక్కడ అప్పటి బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ మీద ప్రేమతో కొందరు పిల్లలకు ‘టోనిబ్లేర్’ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల నాయనమ్మలు కూడా మా నాయనమ్మలాగే మాట్లాడతారు. బాంబులు మొదలయ్యాకే సెర్బియా దళాలు ఎనిమిది లక్షల మందిని తరిమాయన్నదీ నిజం, జూన్‌లో యుద్ధం ఆగగానే వాళ్లలో ఎక్కువమంది ఇంటికొచ్చారన్నదీ నిజం. వాళ్లొచ్చాక అక్కడి సెర్బులు, రోమా తెగవాళ్లు ఇళ్లు విడిచి పోయారన్నదీ అంతే నిజం. తర్వాత వేసిన స్వతంత్ర కమిషన్ ఆ యుద్ధం చట్టవిరుద్ధమే గానీ న్యాయమైనదే అని తేల్చింది. నాకు ఆ వాక్యం పూర్తిగా మింగుడు పడలేదు. కానీ వాళ్లు కనీసం అన్నీ చూశాక రాశారు. నేను పన్నెండున్నరకే రాశాను.

కాబట్టి మీకు నా విన్నపాలు చిన్నవే. బాంబులు వేస్తే ‘బాంబుదాడి’ అని రాయండి, సైన్యం దిగితే ‘సైన్యం దిగింది’ అని రాయండి. ‘మానవతా’ అని వాళ్లంటే, ఎవరన్నారో పేరు పెట్టి కోట్స్‌లో వేయండి. మన ప్రభుత్వం అన్నా సరే. మన భాషకు ‘అట’ అనే చక్కని ముక్క ఉంది. ‘కాపాడటానికే వచ్చారట’ అంటే వినేవాడికి అర్థమైపోతుంది, ఇది చెప్పుడు మాట, చూసింది కాదని. ట్రైనింగులో అది పల్లెటూరి మాటని మా చేత కొట్టేయించారు. వార్తలో అది రాకపోయినా ఫర్వాలేదు, రాసేవాడి మనసులో ఉంటే చాలు. స్టూడియోలో మ్యాప్ మీద బాణం గుర్తులు గీసేటప్పుడు ఆ ఊళ్ల నుంచి జనం ఎటు పోతున్నారో కూడా ఒక బాణం గీయండి, వాళ్లకు ఏ దేశం తలుపు తీసిందో చెప్పండి. ఏడాది తర్వాత తారీఖు గుర్తుపెట్టుకుని అదే ఊరి గురించి ఇంకో కథనం వేయండి. బ్రేకింగ్‌కి ఇచ్చిన అరగంటలో పది నిమిషాలు ఇచ్చినా చాలు.

మీలో ఒకరు మొన్న ఫోన్ చేసి సెప్టెంబర్ 17 ప్రత్యేక పేజీకి మా నాయనమ్మ జ్ఞాపకాలు రాసివ్వమన్నారు. రాస్తాను. అయితే మా ఇంటి వెనక ఖాళీ అయిన ఆ ఇంటి గురించి కూడా అదే కాలంలో, అదే టైపు సైజులో రావాలి. ఆ కుటుంబం వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో మా పాత ఊరివాళ్లను అడుగుతున్నాను. దొరికితే వాళ్ల మాటలు వాళ్లే చెబుతారు. దొరక్కపోతే ఆ జాగా ఖాళీగానే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సబ్ ఎడిటర్,
నల్లగొండ